ఓవర్ బుకింగ్ : విమాన ప్రయాణీకుని ఒప్పందం, అతని హక్కు

విమానం టిక్కెట్టు కొన్న మనిషి తనకొక సీటు దొరికిందని నిశ్చింతగా ఉంటాడు. డబ్బు ముందుగానే చెల్లించాడు. టిక్కెట్టు మీద అతని పేరు, ప్రయాణపు తేదీ, విమానం బయలుదేరే వేళ స్పష్టంగా ఉన్నాయి. సీటు ఖాయమైనదన్న మాట కూడా ఉన్నది. అయినప్పటికీ చెప్పిన వేళకు విమానాశ్రయం చేరుకున్న ప్రయాణీకునితో, "విమానం నిండిపోయింది, తర్వాతి విమానంలో వెళ్ళండి" అని కౌంటరులోని ఉద్యోగి చెప్పడం అప్పుడప్పుడు జరుగుతూనే ఉన్నది. ఆ మాట విన్న వ్యక్తి మొదట అది ఏదో పొరపాటని భావిస్తాడు. చాలాసార్లు అది పొరపాటు కాదు. లెక్క కట్టి, తెలిసి, ఉన్న సీట్లకు మించి టిక్కెట్లు అమ్మిన దాని ఫలితమది. దీనినే ఓవర్ బుకింగ్ అంటారు.

ఈ పద్ధతి ఎందుకు పుట్టింది? దీని వెనుక ఉన్న లెక్క ఏమిటి? టిక్కెట్టు చేతిలో ఉన్న వానిని ఆపివేసే అధికారం, విమానంలో కూర్చున్న వానిని దించివేసే అధికారం కంపెనీకి ఎక్కడి నుండి వచ్చింది? చట్టం ప్రయాణీకునికి ఇచ్చిన రక్షణ ఏపాటిది? ఉపాధికై గల్ఫ్ దేశాలకు, ఉమ్రా యాత్రకు, చదువులకు, బంధువుల వద్దకు విమానాలలో వెళ్ళివచ్చే కుటుంబాలు మన జిల్లాలలో లెక్కకు మించి ఉన్నాయి. అందుచేత ఈ విషయం ధనవంతులకు మాత్రమే సంబంధించినదని తోసివేయడానికి వీలులేదు.

ఖాళీ సీటు : నిలవ ఉండని సరుకు

బియ్యం వర్తకుడు ఈ రోజు అమ్ముడుపోని బస్తాను రేపు అమ్ముకోగలడు. విమాన కంపెనీకి ఆ అవకాశం లేదు. విమానం నేలను వదిలిన క్షణాన ఖాళీగా ఉన్న సీటు విలువ శూన్యమైపోతుంది. దానిని దాచి మరునాడు అమ్మడం సాధ్యంకాదు. ఇంధనం, పైలట్ల జీతాలు, విమానాశ్రయపు రుసుములు మాత్రం సీటు నిండినా నిండకపోయినా దాదాపు అంతే.

టిక్కెట్టు కొన్న ప్రతి మనిషీ ప్రయాణానికి రాడు. కొందరికి జబ్బు చేస్తుంది. కొందరి పని వాయిదా పడుతుంది. కొందరు దారిలో చిక్కుకొని ఆలస్యమవుతారు. వేరొక విమానంలో వచ్చి మారవలసినవారు ఆ మొదటి విమానం ఆలస్యమైనందున అందుకోలేరు. ఇలా రాకుండా పోయేవారిని విమాన పరిశ్రమలో "నో షో" అంటారు. 1950, 60 లలో అమెరికాలో ఈ సమస్య పెద్దది. ఆనాటి టిక్కెట్లకు, ప్రయాణం చేయకపోయినా, చాలావరకు డబ్బు తిరిగి లభించేది. కాబట్టి వ్యాపారస్తులు ఒకే సాయంత్రానికి రెండు మూడు విమానాలలో సీట్లు రిజర్వు చేసుకొని, పని ఎప్పుడు ముగిస్తే అప్పటి విమానం ఎక్కేవారు. మిగిలిన సీట్లు ఖాళీగా ఎగిరిపోయేవి. ఈ నష్టాన్ని పూడ్చుకొనడానికి కంపెనీలు చాటుగా కొన్ని టిక్కెట్లు అదనంగా అమ్మడం మొదలుపెట్టాయి. 1958 నాటికే మార్టిన్ బెక్‌మన్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఈ సమస్యకు గణిత పద్ధతిలో పరిష్కారం చూపుతూ వ్యాసం ప్రకటించాడు. కంప్యూటరు రిజర్వేషన్లు వచ్చిన తర్వాత ఈ లెక్క ప్రతి విమానానికి, ప్రతి రోజుకు వేరువేరుగా కట్టడం సుళువైపోయింది.

ఇక్కడొక విషయాన్ని గమనించాలి. ఆనాడు రాని ప్రయాణీకుని వల్ల కంపెనీకి నిజంగానే నష్టం ఉండేది. నేటి చౌక టిక్కెట్లలో అనేకం డబ్బు తిరిగిరాని టిక్కెట్లు. వాటిని కొన్నవాడు రాకపోయినా మూల కిరాయి కంపెనీ వద్దనే ఉండిపోతుంది. అట్టి సీటును మరొకరికి అమ్మితే ఒకే సీటుకు రెండుసార్లు డబ్బు వచ్చినట్లే. కనుక "నష్టాన్ని పూడ్చుకొనడానికి" అన్న పాత సమాధానం నేడు అన్ని టిక్కెట్లకూ వర్తించదు.

లెక్క ఎలా వేస్తారు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. విమానంలో 180 సీట్లున్నాయి. టిక్కెట్టు కొన్న ప్రతి నూరు మందిలో సగటున 95 మంది వస్తారని కంపెనీకి అనుభవం మీద తెలుసు. సరిగ్గా 180 టిక్కెట్లే అమ్మితే సగటున 171 మంది వస్తారు. 9 సీట్లు ఖాళీగా పోతాయి. 185 టిక్కెట్లు అమ్మితే సగటున 176 మంది దాకా వస్తారు. ఆ 185 మందిలో 180 మందికి మించి వచ్చే అవకాశం ఎంత? ఒకరి రాక మరొకరి రాకతో సంబంధం లేనిదని అనుకొని లెక్కిస్తే, అది నూటికి నాలుగు వంతులు మాత్రమే. అనగా నూరు విమానాలలో సుమారు తొంభయ్యారు విమానాలు ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళిపోతాయి. 190 టిక్కెట్లు అమ్మితే మాత్రం సుమారు సగం విమానాలలో ఎవరో ఒకరు మిగిలిపోతారు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే కంపెనీ వేసుకొనే లెక్క. అదనపు టిక్కెట్టు తెచ్చే రాబడి ఒకవైపు, మిగిలిపోయిన వానికి చెల్లించవలసిన పరిహారం మరొకవైపు పెట్టి తూకం వేస్తారు.

దీనినిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది, పరిహారం ఎంత తక్కువగా ఉంటే కంపెనీకి అదనపు టిక్కెట్లు అమ్మే ధైర్యం అంత ఎక్కువగా ఉంటుంది. చట్టం నిర్ణయించే పరిహారపు మొత్తం బాధితుని కన్నీరు తుడవడంతో ఆగదు, ఎంతమంది బాధితులు కావాలన్న దానిని కూడా అదే నిర్ణయిస్తుంది. రెండవది, ఒకరి రాకతో మరొకరి రాకకు సంబంధం లేదన్న ఊహ అన్నిచోట్లా నిజం కాదు. పెళ్ళివారు, ఉమ్రా బృందాలు, ఒకే కంపెనీలో పనికి వెళ్ళే కార్మికులు వస్తే అందరూ వస్తారు, ఆగితే అందరూ ఆగుతారు. నెలల తరబడి డబ్బు కూడబెట్టి, వీసా కోసం తిరిగి టిక్కెట్టు సంపాదించిన మనిషి విమానం వదులుకొనే ప్రసక్తే ఉండదు. అట్టివారితో నిండిన విమానంలో సగటు లెక్క పనిచేయదు.

మిగిలిపోయేవారి సంఖ్య మొత్తం మీద చూస్తే స్వల్పమే. 2016లో అమెరికాలోని పెద్ద కంపెనీల విమానాలలో ఇష్టం లేకుండా ఆపివేయబడినవారు ప్రతి పదివేల మందికి 0.62 మంది, అనగా సుమారు 16 వేల మందిలో ఒకరు. ఈ అంకెను చూపి కంపెనీలు తమ పద్ధతిని సమర్థించుకుంటాయి. సీట్లు నిండుగా పోవడం వల్ల కిరాయిలు కొంత తగ్గుతాయని కూడా అంటాయి. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే లాభం అందరికీ పంచబడి, నష్టమంతా ఒక్కని నెత్తిన పడినప్పుడు, ఆ ఒక్కడెవరు, అతనిని ఎవరు ఎన్నుకున్నారు అన్న ప్రశ్న న్యాయానికి సంబంధించినది. సగటు లెక్క దానికి జవాబు చెప్పలేదు.

నూరు సీట్లు, నూట ఏడు రిజర్వేషన్లు

ఈ చాటు వ్యవహారం బహిరంగమైనది ఒక ప్రసిద్ధ వ్యాజ్యం వల్ల. 1972 ఏప్రిల్ 28న అమెరికాలో వినియోగదారుల హక్కుల ఉద్యమ నాయకుడు రాల్ఫ్ నాడర్ వాషింగ్టన్ నుండి హార్ట్‌ఫర్డ్‌కు అలెఘనీ ఎయిర్‌లైన్స్ విమానంలో వెళ్ళవలసి ఉన్నది. అక్కడ ఆయన ఒక సభలో ప్రసంగించాలి. ఖాయమైన రిజర్వేషను ఉన్నది. కాని విమానంలో సీటు లేదన్నారు. 100 సీట్ల విమానానికి 107 రిజర్వేషన్లు ఖాయపరిచారని తర్వాత తేలింది. కంపెనీ ఇవ్వజూపిన పరిహారాన్ని నాడర్ తిరస్కరించి కోర్టుకెక్కాడు. సీటు కరవైనందుకు కన్నా, "రిజర్వేషను ఖాయం" అని చెప్పి అదనపు అమ్మకం సంగతి దాచిపెట్టినందుకు ఆయన ప్రధానంగా ఫిర్యాదు చేశాడు. దాచడం మోసం కిందికి వస్తుందని ఆయన వాదం.

1976లో అమెరికా సుప్రీంకోర్టు, ఇట్టి మోసపు దావాను సాధారణ న్యాయస్థానం విచారించవచ్చుననీ, విమానయాన నియంత్రణ మండలి ముందుగా నిర్ణయించే వరకు ఆగనవసరం లేదనీ ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఈ తీర్పుతో ఒక మాట తేటతెల్లమైంది. కంపెనీ తన లెక్కను తన వద్దనే పెట్టుకొని ప్రయాణీకునికి నమ్మకం మాత్రం అమ్మడం ప్రశ్నకు అతీతమైన విషయం కాదు.

మన రైలు ప్రయాణంతో దీనిని పోల్చి చూడవచ్చు. రైల్వేలో బెర్తులు నిండిన తర్వాత కూడా టిక్కెట్లు ఇస్తారు. కాని ఆ టిక్కెట్టు మీద "వెయిటింగ్ లిస్టు" అనో, "ఆర్.ఏ.సి." అనో, వరుస సంఖ్యతో సహా రాసి ఉంటుంది. తనకు బెర్తు ఇంకా దక్కలేదని, దక్కవచ్చునని, దక్కకపోవచ్చునని ప్రయాణీకునికి తెలుసు. తెలిసి ఒప్పుకుంటాడు, లేదా వేరే దారి చూసుకుంటాడు. విమానంలో 181వ టిక్కెట్టు కొన్నవానికీ మొదటి టిక్కెట్టు కొన్నవానికీ ఇచ్చే కాగితం ఒకటే. వరుస సంఖ్య ఎవరికీ చెప్పరు. రైలు టిక్కెట్టు మీద అనిశ్చితి బాహాటంగా ఉంటే విమానం టిక్కెట్టులో అది కనిపించకుండా ఉన్నది.

బలవంతం లేని ఒక మార్గం

సీట్లు చాలనప్పుడు ఎవరిని ఆపాలి? 1970ల వరకు ఈ నిర్ణయం పూర్తిగా కంపెనీ ఉద్యోగి చేతిలో ఉండేది. చివరగా వచ్చినవారినో, గట్టిగా గొడవచేయరని తోచినవారినో ఆపేవారు. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జూలియన్ సైమన్ 1968లో ఒక సూచన చేశాడు. సీట్లు చాలనప్పుడు ప్రయాణీకులందరికీ ఒక కవరు, ఒక చీటీ ఇవ్వాలి. తర్వాతి విమానం వరకు ఆగడానికి తనకు కనీసం ఎంత సొమ్ము కావాలో ప్రతి వ్యక్తి ఆ చీటీ మీద రాయాలి. అందరిలో తక్కువ కోరినవారికి ఆ సొమ్ము చెల్లించి ఆపాలి. తొందర ఉన్నవాడు తన విమానంలో వెళ్తాడు. తొందర లేనివాడు సొమ్ము పుచ్చుకొని ఇష్టపూర్వకంగా ఆగుతాడు. బలవంతం ఎవరి మీదా ఉండదు.

కంపెనీలు దీనిని ఆచరణకు పనికిరాని ఊహగా కొట్టిపారేశాయి. పది సంవత్సరాల పిమ్మట, 1978లో, ఆల్‌ఫ్రెడ్ కాన్ అధ్యక్షతన ఉన్న అమెరికా పౌర విమానయాన మండలి ఒక నియమం తెచ్చింది. ఎవరినైనా ఇష్టం లేకుండా ఆపేముందు, పరిహారం తీసుకొని ఆగడానికి ఇష్టపడేవారు ఎవరైనా ఉన్నారా అని కంపెనీ తప్పనిసరిగా అడగాలి. ఈ నియమం తర్వాత అనేక దేశాలకు వ్యాపించింది. అమెరికాలో ఆగిపోయేవారిలో అత్యధికులు నేడు ఇలా సమ్మతించి ఆగేవారే.

ఈ పద్ధతి సారాంశం పరస్పర సమ్మతి. అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. కంపెనీ ఇవ్వజూపే మొత్తాన్ని మధ్యలోనే ఆపివేస్తే సమ్మతి స్థానంలోకి బలవంతం వచ్చి కూర్చుంటుంది. 2017లో చికాగోలో జరిగినది అదే.

చికాగో విమానంలో జరిగిన సంఘటన

2017 ఏప్రిల్ 9 సాయంత్రం చికాగో నుండి లూయీవిల్‌కు వెళ్ళవలసిన 3411 నంబరు యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానంలో ప్రయాణీకులందరూ ఎక్కి కూర్చున్నారు. ఆ తర్వాత నలుగురు విమాన సిబ్బందిని మరునాటి మరొక విమానం కోసం లూయీవిల్ చేర్చవలసి ఉన్నదని తేలింది. వారికి సీట్లు కావాలి. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది టిక్కెట్లు అదనంగా అమ్మిన సందర్భం కూడా కాదు. కంపెనీ తన సిబ్బంది రవాణాను సకాలంలో ఏర్పాటు చేసుకోకపోవడం వల్ల వచ్చిన కొరత. దిగేందుకు ఇష్టపడేవారికి మొదట 400 డాలర్లు, తర్వాత 800 డాలర్లు ఇస్తామన్నారు. మరునాడు మధ్యాహ్నం దాకా వేరే విమానం లేదు. ఎవరూ దిగలేదు.

అప్పుడు కంపెనీ నలుగురిని ఎంపిక చేసింది. ముగ్గురు దిగిపోయారు. నాలుగవ వ్యక్తి 69 సంవత్సరాల వైద్యుడు. మరునాటి ఉదయం తాను రోగులను చూడవలసి ఉన్నదని చెప్పి దిగడానికి నిరాకరించాడు. విమానాశ్రయ భద్రతాధికారులు వచ్చి ఆయనను సీటులో నుండి లాగి, రెండు వరుసల మధ్య నేల మీద ఈడ్చుకుపోయారు. ఆయన ముక్కు విరిగింది. రెండు పళ్ళు ఊడిపోయాయి. తలకు దెబ్బ తగిలింది. తోటి ప్రయాణీకులు తీసిన వీడియోను ప్రపంచమంతా చూసింది. కంపెనీ అధ్యక్షుని మొదటి ప్రకటనలో జరిగిన దాడి ప్రస్తావనే లేదు. ప్రయాణీకులకు "వేరే ఏర్పాటు" చేయవలసి వచ్చినందుకు మాత్రమే విచారం తెలిపాడు. ప్రజాగ్రహం పెల్లుబికిన తర్వాతనే పూర్తి క్షమాపణ వచ్చింది. ఆ నెల 27న బాధితునితో రాజీ కుదిరింది. మొత్తం ఎంతో వెల్లడి కాలేదు.

ఆలోచించవలసిన అంశమిది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ఇష్టం లేకుండా ఆపివేయబడిన వ్యక్తికి 1,350 డాలర్ల దాకా పరిహారం రావచ్చు. ఇష్టపడి ఆగేవారికి ఇవ్వజూపే మొత్తానికి చట్టంలో పై హద్దే లేదు. అయినా కంపెనీ 800 వద్ద ఆగిపోయింది. మొత్తాన్ని ఇంకా పెంచుతూ పోయినట్లయితే డెబ్బై సీట్ల ఆ విమానంలో నలుగురు దొరకడం అసాధ్యం కాదు. సొమ్ము మిగిల్చుకొనడానికి సమ్మతిని వదలి బలప్రయోగాన్ని ఎన్నుకున్నారు. అదే సంస్థ కొద్ది వారాలలో ఆ పరిమితిని 10,000 డాలర్లకు పెంచింది. భద్రతకు సంబంధించిన సందర్భాలలో తప్ప ప్రయాణీకులను దించడానికి పోలీసులను పిలువబోమని, సిబ్బందికి సీట్లు కావాలంటే గంట ముందే ఖాయం చేసుకోవాలని నియమం పెట్టుకున్నది. సౌత్‌వెస్ట్ అనే మరొక పెద్ద కంపెనీ 2017లోనే ఓవర్ బుకింగ్ పద్ధతిని మానుకుంటున్నట్లు ప్రకటించింది.

భద్రతాధికారం వేరు, వ్యాపారావసరం వేరు

విమానంలో కమాండరు మాట శిరోధార్యం. 1963 నాటి టోక్యో ఒప్పందం ప్రకారం, విమానం భద్రతకు గాని అందులోని మనుషులకు గాని ముప్పు తెచ్చే వ్యక్తిని అదుపు చేసే, దించివేసే అధికారం కమాండరుకు ఉన్నది. భారతదేశం దీనిని 1975లో చట్టంగా చేసింది. ఆకాశంలో వందలాది ప్రాణాలు ఒక్కని నిర్ణయం మీద ఆధారపడి ఉన్నప్పుడు అట్టి అధికారం అవసరమే.

కాని ఆ అధికారం ప్రాణరక్షణ కోసం ఇవ్వబడినది. కంపెనీ లెక్క తప్పినప్పుడు సీటు ఖాళీ చేయించడానికి ఇవ్వబడలేదు. చికాగో సంఘటనలో ఈ రెండూ కలగలిసిపోయాయి. నేరం ఏమీ చేయని మనిషి, దిగనన్న ఒక్క కారణంగా "సిబ్బంది ఆదేశాన్ని ధిక్కరించినవాడు" అయిపోయాడు. వ్యాపార వివాదం కాస్తా భద్రతా వ్యవహారంగా మారిపోయింది. 2018లో అమెరికా పార్లమెంటు చేసిన చట్టం ఈ లొసుగును పూడ్చింది. బోర్డింగ్ పాసు తనిఖీ అయి, ప్రయాణీకుని విమానంలోకి అనుమతించిన తర్వాత, భద్రత, ఆరోగ్యం, దుష్ప్రవర్తన వంటి కారణాలకు తప్ప సీట్ల కొరత పేరుతో అతనిని బలవంతంగా దించరాదు.

చట్టాలు ఏమంటున్నాయి?

ఐరోపా సమాజం 1991లోనే పరిహార నిబంధనలు చేసింది. వాటి స్థానంలో 2005 ఫిబ్రవరి 17 నుండి అమలులోకి వచ్చిన నిబంధన, ముందుగా ఇష్టపడేవారిని అడగాలనీ, ఇష్టం లేకుండా ఆపితే దూరాన్నిబట్టి 250, 400, 600 యూరోలు చెల్లించాలనీ, భోజనం, బస కల్పించాలనీ నిర్ణయించింది.

భారతదేశంలో పౌర విమానయాన డైరెక్టరు జనరల్ కార్యాలయం 2010లో నిబంధనలు జారీచేసి, 2016 ఆగస్టు నుండి పరిహారాన్ని పెంచింది. ఖాయమైన టిక్కెట్టుతో వేళకు వచ్చిన వ్యక్తిని ఓవర్ బుకింగ్ కారణంగా ఆపదలచినప్పుడు కంపెనీ ముందుగా ఇష్టపడేవారిని అడగాలి. ఎవరూ లేక బలవంతంగా ఆపితే, విమానం బయలుదేరవలసిన వేళ నుండి గంటలోపు బయలుదేరే మరొక విమానంలో పంపితే పరిహారం లేదు. 24 గంటలలోపు పంపితే, ఒకవైపు మూల కిరాయి, ఇంధన చార్జీల మొత్తానికి రెండింతలు, రూ. 10,000కు మించకుండా చెల్లించాలి. 24 గంటలు దాటితే నాలుగింతలు, రూ. 20,000కు మించకుండా చెల్లించాలి. వేరే విమానం తనకు వద్దన్న వ్యక్తికి టిక్కెట్టు సొమ్ము పూర్తిగా తిరిగి ఇచ్చి, దానితోపాటు నాలుగింతల పరిహారం అదే పై హద్దుతో ఇవ్వాలి.

ఈ పై హద్దు సంగతి చూడాలి. స్వదేశంలో 4,000 రూపాయల కిరాయి మీద నాలుగింతలంటే 16,000 రూపాయలు. విదేశానికి 15,000 రూపాయల కిరాయి చెల్లించినవానికి నాలుగింతలు 60,000 కావాలి. హద్దు వల్ల 20,000 వద్ద ఆగిపోతుంది. దూరం పెరిగినకొద్దీ, అనగా నష్టం పెరిగినకొద్దీ, రక్షణ తగ్గుతున్నదన్నమాట. జగిత్యాల, నిజామాబాదు, కడప జిల్లాల నుండి గల్ఫ్‌కు పనికి వెళ్ళే మనిషికి వీసా గడువు ఉంటుంది. సెలవు మీద వచ్చినవాడు తిరిగి చేరవలసిన తేదీ ఉంటుంది. ఆ గడువు చివరి రోజున విమానం తప్పితే పోయేది ఉద్యోగం. దానికి ఇరవై వేలు ఏ మూలకు?

నిబంధన ఉన్నంత మాత్రాన అమలు కూడా ఉంటుందని అనుకోరాదు. 2022లో అధికారులు బెంగుళూరు, హైదరాబాదు, ఢిల్లీ విమానాశ్రయాలలో తనిఖీలు జరిపి, ఈ పరిహారపు నిబంధనలను పాటించలేదని ఎయిర్ ఇండియాకు ఆ సంవత్సరం జూన్‌లో 10 లక్షల రూపాయల జరిమానా విధించారు. తనకు రావలసినది ఏమిటో తెలియని ప్రయాణీకుడు అడగడు. అడగనివానికి ఎవరూ ఇవ్వరు.

కిరాయి ఒప్పందం : ధర్మశాస్త్ర దృష్టి

మనుషులను, సరుకులను ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చే ఒప్పందం ఇస్లామీయ ధర్మశాస్త్రానికి కొత్తది కాదు. ఒంటెల బిడారులు, ఓడలు నడిచిన కాలంలోనే ధర్మవేత్తలు దీనిని "ఇజారా" అనే శీర్షిక కింద వివరంగా చర్చించారు. వాహనం కిరాయిని వారు రెండు విధాలుగా విభజించారు. మొదటిది, ఫలానా ఒంటె అని గుర్తించి కిరాయికి తీసుకొనడం. ఆ ఒంటె చనిపోతే ఒప్పందం అక్కడితో రద్దవుతుంది. రెండవది, ఫలానా చోటికి చేర్చే బాధ్యతను యజమాని తన "జిమ్మా" మీద, అనగా తన పూచీ మీద తీసుకొనడం. ఇందులో ఒక ఒంటె పోతే యజమాని మరొక ఒంటెను తెచ్చి ఇవ్వాలి. చేర్చే బాధ్యత అతని మెడ మీద అప్పు వలె నిలిచి ఉంటుంది.

నేటి విమానం టిక్కెట్టు ఈ రెండవ రకానికి దగ్గరగా ఉన్నది. కంపెనీ ఫలానా విమానాన్ని మార్చవచ్చు, సీటు నంబరును మార్చవచ్చు. కాని ఆ తేదీన, ఆ వేళకు చేర్చే పూచీ దానిది. 185 మందికి టిక్కెట్లు అమ్మిన కంపెనీ 185 అప్పులను తలకెత్తుకున్నది. తీర్చే శక్తి 180కి మాత్రమే ఉన్నదని ఒప్పందం నాడే దానికి తెలుసు. ఒప్పందంలో అనిశ్చితి దాగి ఉండడాన్ని ధర్మశాస్త్రం "గరర్" అంటుంది. గాలిలోని పక్షిని, నీటిలోని చేపను పట్టకముందే అమ్మడం దీనికి ఇచ్చే ప్రసిద్ధ ఉదాహరణ. స్వల్పమైన, తప్పించుకోలేని అనిశ్చితిని ధర్మవేత్తలు క్షమించారు. పైన చెప్పిన నూటికి నాలుగు వంతులు స్వల్పం కిందికి వస్తుందా, రాదా అన్నది పండితులు తేల్చవలసిన విషయం. అయితే వ్యాపారానికి పరస్పర సమ్మతి పునాది అనీ, ఒప్పుకున్న మాట నిలుపుకొనడం విశ్వాసి విధి అనీ, సరుకులోని లోపాన్ని దాచరాదనీ చెప్పడంలో భేదాభిప్రాయం లేదు. ఈ మూడు కొలతలతో చూసినప్పుడు, అదనపు టిక్కెట్టు అమ్మకం కన్నా దానిని దాచడం తీవ్రమైనదిగా, దాచడం కన్నా బలవంతంగా దించడం మరింత తీవ్రమైనదిగా కనిపిస్తాయి.

ఈ కొలతలు ప్రయాణీకునికి కూడా వర్తిస్తాయి. వెళ్ళే ఉద్దేశం లేకుండా రెండు మూడు విమానాలలో సీట్లు పట్టి ఉంచడం, రాలేనని తెలిసి కూడా రద్దు చేయకుండా వదిలివేయడం వల్ల మరొక అవసరమున్న మనిషికి సీటు దక్కదు. ఓవర్ బుకింగ్‌కు మొదట దారితీసినది ఈ అలవాటే.

ప్రయాణీకుడు గుర్తుంచుకోవలసినవి

సీట్లు చాలనప్పుడు చాలా కంపెనీలు ఆలస్యంగా చెక్-ఇన్ అయినవారిని, తక్కువ కిరాయి చెల్లించినవారిని ముందుగా ఆపుతాయి. కనుక అవకాశం ఉన్న వెంటనే చెక్-ఇన్ పూర్తిచేసుకొనడం, వేళకు ముందే విమానాశ్రయం చేరడం మంచిది. చెప్పిన వేళ దాటివస్తే పరిహారపు హక్కు పోతుంది. వీసా గడువుకు చివరి రోజు వరకు ప్రయాణం వాయిదా వేయకుండా రెండు మూడు రోజుల ఎడం ఉంచుకొనడం వివేకం.

ఆపివేస్తే, ఓవర్ బుకింగ్ వల్ల ఆపినట్లు లిఖితపూర్వకంగా ఇమ్మని అడగాలి. ఏదైనా కాగితం మీద సంతకం చేయమన్నప్పుడు దానిని చదివించుకొని మరీ చేయాలి. "స్వచ్ఛందంగా ఆగుతున్నాను" అని అందులో ఉంటే, బలవంతంగా ఆపినందుకు రావలసిన పరిహారాన్ని వదులుకున్నట్లవుతుంది. చదువురాని తల్లిదండ్రులను, మొదటిసారి విమానమెక్కే పనివారలను సాగనంపే పిల్లలు ఈ ఒక్క విషయాన్ని వారికి ముందుగా చెప్పి పంపడం ఎంతో అవసరం. టిక్కెట్టు, బోర్డింగ్ పాసు, హోటలు, టాక్సీ రసీదులు భద్రపరచుకోవాలి. కంపెనీ వద్ద న్యాయం జరగకపోతే, పౌర విమానయాన మంత్రిత్వ శాఖ 2016లో ప్రారంభించిన "ఎయిర్ సేవ" ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఇక తానే ప్రయాణం మానుకున్న వ్యక్తికి కూడా, టిక్కెట్టు ఎంత చౌకదైనా, అందులోని ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి రావలసి ఉన్నవి. వాటిని అడిగి తీసుకొనేవారు తక్కువ.

ఉన్న సీట్లకు మించి అమ్మడం పూర్తిగా మాయమవుతుందని చెప్పలేము. కాని దానిని న్యాయమైన హద్దులలో ఉంచే మార్గాలు అనుభవంలో తేలినవే. కొనేవానికి ముందే తెలియజేయడం, ఆగేవానిని అతని ఇష్టం మీదనే ఆపడం, అందుకు తగిన మొత్తం దొరికేవరకు పెంచుతూ పోవడం, నష్టానికి తగినట్లు పరిహారం నిర్ణయించడం, సీటులో కూర్చున్న మనిషి మీద చేయి వేయకపోవడం. వీటిలో ఏ ఒక్కటీ కంపెనీని దివాలా తీయించేది కాదు.